గట్టి లెక్క ఇయ్యుండ్రి సారూ

నాలుగో తరగతి, లెక్కల పీరియడ్. బోర్డు మీద ఆరు గుణకారాలు రాసి, చేతి సుద్ద దులుపుకొని వెనక్కి తిరిగేసరికి మూడో వరుసలో ఒక పిల్లవాడు నోట్‌బుక్ ఎత్తి చూపిస్తున్నాడు. ఆరూ సరిగ్గా ఉన్నాయి. "శభాష్, పక్కోనికి చెప్పు" అన్నాను. మరునాడూ అదే, ఆ వారమంతా అదే. నెల తిరిగేలోపు వాణ్ని క్లాస్ లీడర్ చేశాను. నోట్‌బుక్కులు పోగుచేసేది వాడే, రానివాళ్ల చేయి పట్టి దిద్దించేది వాడే, ఆఫీసు గదికి పోయి సుద్దముక్కలు తెచ్చేది వాడే. వాడికి మంచి స్థానం ఇచ్చానని నేను అనుకున్నాను. ఏడాది చివర వాళ్లమ్మ వచ్చి అడిగింది: "మా పోరడు ఈ ఏడు కొత్తగ ఏం నేర్సుకున్నడు సారూ?"

నాకు జవాబు దొరకలేదు. జూన్‌లో వాడికి వచ్చినవే ఏప్రిల్‌లోనూ వచ్చు. మధ్యలో పోయిన పది నెలలు పక్కవాళ్లకు పనికొచ్చాయి, నాకు పనికొచ్చాయి, వాడికి మాత్రం పనికిరాలేదు. ఆమె ఆ మాట ఏప్రిల్‌లో అడిగింది. జులైలో అడిగి ఉంటే నేను ఏదో ఒకటి చేసి ఉండేవాణ్ని. ఆ మాటను జులైలో ఎట్లా అడగాలో చెప్పడానికే ఈ అధ్యాయం రాస్తున్నాను. ఇన్నేళ్లు బల్లకు అటువైపు కూర్చున్నవాణ్ని కాబట్టి, తల్లి ఏం మాట్లాడితే పంతులుకు ఏం వినబడుతుందో నాకు తెలుసు.

నిజామాబాద్ జిల్లా ఏర్గట్ల వైపు తల్లులను దృష్టిలో పెట్టుకొనే రాస్తున్నాను. 2016లో మోర్తాడ్ నుంచి విడిపోయి కొత్త మండలం అయింది ఏర్గట్ల. తడ్పాకల్ పోతే గోదావరి, ఏ దారి పట్టినా పసుపు చేన్లు, మక్కజొన్న. ఇంటి ముందు అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చేసే ఆడవాళ్లు. చాలా ఇళ్లలో మగవాళ్లు దుబాయిలోనో, సౌదీలోనో, మస్కట్‌లోనో ఉంటారు. కాబట్టి బడి గడప తొక్కేది తల్లే. ఆమె తక్కువ చదువుకొని ఉంటుంది, లేదా అసలు చదువుకొని ఉండదు. "సారుకు తెల్వదా, నేను పోయి చెప్పాల్నా" అనే జంకు ఆమెను గేటు దగ్గరే ఆపేస్తుంది. పిల్లవాడు వెనకబడ్డాడంటే ఎవరైనా పోయి అడుగుతారు. ముందున్నాడని పోయి అడగడం గొప్ప చెప్పుకున్నట్టు ఉంటుందని ఊరుకుంటారు.

అడగడం గొప్ప చెప్పుకోవడం కాదు, హక్కు. 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టంలో 24వ సెక్షన్ ఉపాధ్యాయుల విధులు చెబుతుంది. ప్రతి పిల్ల నేర్చుకునే శక్తిని అంచనా వేసి, అవసరమైతే దానికి తగ్గట్టు అదనంగా బోధించడం ఆ విధుల్లో ఒకటి. తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా కూర్చొని పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, ప్రగతి గురించి చెప్పడం ఇంకొకటి. వెనకబడ్డ పిల్లలు అని చట్టం అనలేదు, ప్రతి పిల్ల అంది. అయితే ఈ సెక్షన్ నంబరు మీ మనసులో ధైర్యంగా ఉండాల్సింది, సారు ముందు నోటితో అనాల్సింది కాదు. ఎందుకో తర్వాత చెబుతాను.

మన బడుల్లో కొన్నేళ్లుగా శ్రద్ధంతా వెనకబడ్డవాళ్ల మీదే ఉంది. 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం అందుకే వచ్చింది. ఒకటి నుంచి ఐదు వరకు ప్రతి పిల్లకూ చదవడం, రాయడం, కూడిక తీసివేతలు రావాలని దాని ఉద్దేశం. అది తప్పు అని నేను అనను. ఐదో తరగతిలో పేరా చదవలేని పిల్లను చూసినవాడెవడూ అనడు. కానీ ఆ మెట్టు ఎప్పుడో ఎక్కేసిన పిల్ల ఏం చేయాలి? మిగతావాళ్లు ఎక్కేదాకా అక్కడే నిలబడాలి. రోజూ గంట నిలబడితే ఆ పిల్లకు ఒక సంగతి అర్థమవుతుంది: చదువంటే కష్టపడాల్సింది కాదు, తొందరగా ముగించి ఊరికే కూర్చోవాల్సింది. ఇంటర్‌లో మొదటిసారి రాని లెక్క ఎదురైనప్పుడు ఇట్లాంటి పిల్లలే ఎక్కువ బెదిరిపోతారు. రాకపోతే ఏం చేయాలో వాళ్లకు ఎవరూ నేర్పలేదు కదా.

ఇక అసలు పని. బడికి పోయేముందు ఒక వారం ఇంట్లో చూసుకోండి.

మీకు చదువు రాకపోయినా ఈ చూపు మీ చేతిలోనే ఉంది. సాయంత్రం చాట ముందు కూర్చున్నప్పుడు పిల్లను పక్కన కూర్చోబెట్టుకొని, "ఇయ్యాల సారు చెప్పింది నాకు చెప్పు" అనండి. బట్టీ పట్టిన పిల్ల గడగడా చెప్పి ఆగిపోతుంది. అర్థమైన పిల్ల మీ బీడీ కట్టలనే తీసుకొని చూపిస్తుంది: "అమ్మా, కట్టకు ఇరవై అయిదు లెక్కన నలభై కట్టలంటే వెయ్యి. గదే గుణకారం." ఈ తేడా మీకు కనబడుతుంది. తర్వాత, పక్కింట్లో పై తరగతి చదివే పిల్ల ఉంటే ఆ పుస్తకం రెండు రోజులు తెచ్చుకోండి. మీ పిల్ల ఎక్కడిదాకా సొంతంగా పోయి ఆగుతుందో చూడండి. ఆ ఆగిన పేజీ గుర్తుంచుకోండి. సారుకు చెప్పడానికి దానికన్నా గట్టి ఆధారం లేదు. తండ్రి గల్ఫ్‌లో ఉంటే ఈ పని ఆయనకూ ఇవ్వొచ్చు. వీడియో కాల్‌లో "తిన్నవా బిడ్డా" అని అడిగాక, "ఇయ్యాల చేసిన లెక్క ఒకటి నాకు చెప్పు" అనమనండి. రోజూ పది నిమిషాలు చాలు.

ఇంకో జాగ్రత్త చాలామందికి తట్టదు. 2022-23 నుంచి మన ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చింది, పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్. పిల్ల తప్పు చేసిందంటే లెక్క రాలేదా, ఆ లెక్క రాసిన ఇంగ్లిష్ వాక్యం అర్థం కాలేదా అన్నది విడదీసి చూడాలి. అదే లెక్కను తెలుగులో చదివి వినిపించండి. అప్పుడు చకచకా చేస్తే లెక్కలో ఆమె ముందుంది, భాషలో సాయం కావాలి. ఈ రెండూ కలిపి చూసి "ఈమెకు ఇదే రావట్లేదు, ఇంకా గట్టిది ఎందుకు" అనుకోవడం పంతుళ్లు సాధారణంగా చేసే పొరపాటు. నేనూ చేశాను.

వారం అయ్యాక ఏం అడగాలో తేల్చుకోవాలి. ఎక్కువ తల్లులు తప్పు అడిగేది ఇక్కడే. "హోంవర్క్ ఎక్కువ ఇయ్యుండ్రి సారూ" అంటారు. సారు సంతోషంగా ఇరవై గుణకారాలు ఎక్కువ ఇస్తాడు. పిల్లకు ఆరు లెక్కలు విసుగైతే, ఇరవై ఆరు లెక్కలు శిక్ష. తొందరగా ముగించినందుకు ఇంకింత పని పడుతుందని తెలిస్తే, రేపటి నుంచి నెమ్మదిగా చేయడం నేర్చుకుంటుంది. తెలివైన పిల్లలు ఈ ఉపాయం తొందరగానే కనిపెడతారు. ఎక్కువ పని అడగకండి, అదే పాఠంలో ఇంకొంచెం గట్టి పని అడగండి.

గట్టి పని అంటే ఏంటో ఒక లెక్కతో చూపిస్తాను. దీన్ని నేను ఎన్నో తరగతుల్లో వాడాను.

సారు చుట్టుకొలత చెబుతున్నాడు. "దీర్ఘచతురస్రం పొడవు 8 మీటర్లు, వెడల్పు 4 మీటర్లు, చుట్టుకొలత ఎంత?" జవాబు 24 మీటర్లు. ఇట్లాంటివే ఇంకో పది ఇస్తే అది ఎక్కువ పని. ఇప్పుడు దీన్నే తిప్పి అడుగుదాం. "కోళ్లకు దడి కట్టాలె. మన దగ్గర 24 మీటర్ల జాలీ ఉంది. మూలలు సమంగా ఉండాలె, కొలతలు పూర్తి మీటర్లలో ఉండాలె. ఎన్ని తీర్ల కట్టొచ్చు? కోళ్లకు ఎక్కువ జాగ దేంట్ల దొరుకుతుంది?" పిల్ల మొదట 8, 4 రాస్తుంది. తర్వాత 10, 2 తడుతుంది. 11, 1 కూడా అవుతుందా అని అనుమానపడుతుంది, చేసి చూస్తుంది, అవుతుంది. అట్లా ఆరు తీర్లు దొరుకుతాయి. వైశాల్యం కట్టిచూస్తే 11, 1లో 11 చదరపు మీటర్లే. 10, 2లో 20, 9, 3లో 27, 8, 4లో 32, 7, 5లో 35, 6, 6లో 36. జాలీ అంతే ఉన్నా జాగ మూడు రెట్లు దాటింది. ఆ పట్టిక ముందు కూర్చున్న పిల్ల మొహం ఒకసారి చూడాలి. ఇక్కడితో అయిపోదు. "ఒక పక్క ఇంటి గోడ ఉంటే? ఆ పక్కకు జాలీ అక్కర్లేదు కదా." ఈసారి చతురస్రం గెలవదు. గోడ వెంట 12, ఇటూ అటూ ఆరారు పెడితే 72 చదరపు మీటర్లు వస్తాయి, ఇంతకుముందుకు రెట్టింపు. నాలుగో తరగతి పిల్ల దీని మీద రెండు రోజులు కూర్చోగలదు. సారు మాట్లాడింది రెండు వాక్యాలు, దాటిన పాఠం ఒక్కటీ లేదు, అదనంగా కొన్న పుస్తకం లేదు.

పై తరగతులకు మన చేన్లలోనే బోలెడు లెక్కలున్నాయి. పచ్చి పసుపు ఉడకబెట్టి ఎండబెడితే బరువులో దాదాపు ఐదో వంతే మిగులుతుందని ఈ ప్రాంతంలో ప్రతి రైతుకూ తెలుసు. శాతాలు చెప్పే సారు "500లో 20 శాతం ఎంత" అని అడగొచ్చు. లేదా, "అయిదు క్వింటాళ్ల పచ్చి పసుపు ఉంది. ఎండు పసుపు ధర పచ్చిదానికన్న ఎన్ని రెట్లుంటే ఎండబెట్టినా గిట్టుతుంది? కట్టెల ఖర్చు, కూలి కలిపితే?" అని అడగొచ్చు. రెండోది చేసిన పిల్ల ఇంటికొచ్చి తాతతో వాదిస్తుంది, అదే దాని లాభం. ఏడో ఎనిమిదో తరగతి పిల్లకు వానాకాలం పేపర్ చాలు. శ్రీరాంసాగర్ నిండు నీటిమట్టం 1091 అడుగులు, ఇన్‌ఫ్లో ఇన్ని క్యూసెక్కులు అని రోజూ వేస్తారు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపుటడుగులు. రోజుకు ఒక టీఎంసీ రావాలంటే ఎన్ని క్యూసెక్కులు రావాలి? దాదాపు 11,574 అని తేలేదాకా పిల్ల సెకన్లు, గంటలు, సున్నాలతో కుస్తీ పడుతుంది. ఆ జవాబు వచ్చాక పేపర్‌లో ఆ అంకె ఎప్పుడు కనబడినా ఆమె ఆగి చూస్తుంది. తెలుగు పాఠమైతే కథలో రెండో మనిషి వైపు నుంచి అదే కథ రాయమనొచ్చు.

ఇక మాట్లాడే మాట. ఎప్పుడు పోవాలన్నది కూడా ముఖ్యమే. జనవరి నుంచి మార్చి దాకా పసుపు తవ్వకాలు, ఉడకబెట్టడాలు, మీకూ తీరదు, పిల్లకూ బడిలో ఏడాది ముగింపు. మొదటి ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) మార్కులు వచ్చిన వారం మంచిది. నెలలో మూడో శనివారం తల్లిదండ్రుల సమావేశంలో పదిమంది ముందు ఈ మాట ఎత్తకండి, అక్కడ సారును ఒక్క మాట అడిగి వేరే రోజు పెట్టుకోండి: "బడి విడిచినంక పది నిమిషాలు కలుస్త సారూ." పోయేటప్పుడు ఆ వారం నోట్‌బుక్ తీసుకుపోండి.

ఇట్లా అనండి:

"నమస్తే సారూ. మీరు చెప్పేది మా బిడ్డకు మంచిగ సమజైతుంది. ఇంటికొచ్చి నాకు మళ్ల చెప్తుంది. గీ నోట్‌బుక్ జర సూడుండ్రి, ఈ వారం ఇచ్చినయన్ని క్లాసులనే అయిపోయినయి. మిగిలిన టైముల ఊకె కూసుంటున్న అంటుంది. అదే పాఠంల రోజుకు ఒక్కటి, జర గట్టి లెక్క ఇస్తరా సారూ? రాకపోయినా మంచిదే. తప్పు వోయినా నేనేమనను."

ఇందులో చివరి రెండు మాటలు మింగేయకండి. పంతులు లోపల ఉండే భయం నాకు తెలుసు. గట్టిది ఇస్తే పిల్లకు రాదు, మార్కులు తగ్గుతాయి, అదే తల్లి వచ్చి "మా బిడ్డకు ఇంతకుముందు అన్ని వచ్చేటియి, ఇప్పుడేమైంది" అని నిలదీస్తుంది. "తప్పు వోయినా నేనేమనను" అన్న మాట ఆ భయాన్ని తీసేస్తుంది. మొదటి మాట కూడా మర్యాద కోసం పెట్టింది కాదు. సారు చెప్పింది అర్థమైంది కాబట్టే పిల్ల ముందుంది, అది నిజం, నిజాన్నే ముందు పెట్టాం. నోట్‌బుక్ మధ్యలో ఎందుకంటే, మీరిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా పిల్ల రాసినదాన్ని చూస్తారు. మాట మీ మీదికో ఆయన మీదికో పోదు.

కొన్ని మాటలు పంతులు మనసు తలుపు వేసేస్తాయి. "మా బిడ్డ మస్తు తెలివిగలది సారూ." ఆ మాట రోజూ వింటాం, దాంతో ఏం చేయాలో తోచదు. "ఆర్మూర్ల ప్రైవేటు బడిల మూడో తరగతికే గివన్ని చెప్తున్నరట." ఆ నిమిషం నుంచి సంభాషణ పిల్ల గురించి కాకుండా పోతుంది. సర్పంచ్‌ను వెంటబెట్టుకొని పోవడం, వాట్సాప్ గ్రూపులో పెట్టడం, సెక్షన్ నంబరు చదవడం కూడా అంతే. పని జరిగినా అయిష్టంగా జరుగుతుంది. అయిష్టంగా ఇచ్చిన గట్టి లెక్క పిల్లకు మేలు చేయదు.

సారు వెంటనే ఒప్పుకోకపోవచ్చు. "సిలబస్ అయిపోవాలె కదమ్మా" అంటే, "సిలబస్ బయటికి వద్దు సారూ, అదే పాఠంల" అనండి. "ట్యూషన్ పెట్టుండ్రి" అంటే, "ట్యూషన్ల గివే మళ్ల చేపిస్తరు సారూ" అనొచ్చు. "ఒక్కళ్లకే ఇస్తే మిగతావాళ్లకు అన్యాయం కాదా" అన్నది మాత్రం మంచి ప్రశ్న, దానికి మంచి జవాబుంది. ఒక్కళ్లకే ఇవ్వనక్కర్లేదు. బోర్డు మూలకు గీత గీసి గట్టి లెక్క అక్కడ రాస్తే చాలు. ముందు పని ముగిసినవాళ్లెవరైనా దాన్ని పట్టుకోవచ్చు. నేను ఆ మూల గీత మొదలుపెట్టిన ఏడాది, నేను ఎన్నడూ లెక్క చేయని ఒక పిల్ల, వెనక బెంచీలో, రాత కూడా సరిగ్గా రానిది, కోళ్ల దడి లెక్కలో గోడ సంగతి అందరికన్నా ముందు చెప్పింది. ఆమె ఇంట్లో కోళ్లున్నాయి. స్థాయికి తగ్గ పని ఇస్తే మిగతావాళ్లు నష్టపోతారన్న భయానికి ప్రపంచంలోనూ జవాబు వెతికారు. పశ్చిమ కెన్యాలో 121 ప్రాథమిక బడుల్లో ఎస్తర్ డుఫ్లో, పాస్కలిన్ డుపా, మైకేల్ క్రెమర్ చేసిన అధ్యయనం 2011లో అచ్చయింది. పిల్లలను వచ్చిన స్థాయిని బట్టి విడదీసి చెప్పిన బడుల్లో ముందున్నవాళ్లే కాదు, వెనకున్నవాళ్లు కూడా ఎక్కువ నేర్చుకున్నారు. నేను విడదీయమనడం లేదు, మన బడుల్లో అది కులం, డబ్బు గీతల వెంట చీలిపోతుందని నా భయం. బోర్డు మూల గీత చాలు.

ఇద్దరే టీచర్లు ఐదు తరగతులు చూసే చిన్న బడుల్లో నిజానికి ఈ పని తేలిక. మూడో తరగతి, నాలుగో తరగతి ఒకే గదిలో కూర్చుంటాయి. "లెక్కల టైముల నాలుగో తరగతి దిక్కు కూసోబెట్టుండ్రి సారూ" అంటే సరిపోతుంది. ఇంకో దారి ఎఫ్‌ఏలలోనే ఉంది. అందులో లఘుపరీక్షతోపాటు ప్రాజెక్టు పని, చదివి స్పందించడం ఉంటాయి. ప్రాజెక్టుకు అందరూ చార్ట్ మీద బొమ్మ అంటించి తెస్తారు. మీ పిల్లకు పసుపు లెక్కో, శ్రీరాంసాగర్ నీళ్ల లెక్కో ఇవ్వమంటే సారుకు అదనపు భారం లేదు, మార్కులకూ లెక్క వస్తుంది.

ఒప్పుకొని మరిచిపోవడం కూడా జరుగుతుంది. మాకు ఎన్నికల డ్యూటీలు పడతాయి, 2024 నవంబరులో ఇంటింటి సర్వేకు ప్రాథమిక బడుల టీచర్లు పోయి బడి ఒంటిపూటే నడిచింది. కోపానికి పోకండి. పదిహేను రోజుల తర్వాత మళ్లీ నోట్‌బుక్‌తో పోండి. రెండుసార్లు పోయినా ఏం మారకపోతే హెడ్‌మాస్టరును కలవండి, ఫిర్యాదుగా కాదు, అదే మాట, అదే నోట్‌బుక్. అప్పటికీ కాకపోతే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలో ఉన్న తల్లులతో చెప్పండి, "ముందున్న పిల్లలకు బోర్డు మీద ఒక లెక్క" అని బడి మొత్తానికి అడగమనండి. ఒక్క మీ పిల్ల కోసం అడిగినదానికన్నా ఆ మాట బలంగా ఉంటుంది.

సారు సంతకం లేకుండా తెరుచుకోని తలుపులు కొన్ని ఉన్నాయి, వాటి సంగతి కూడా ముందే అడిగి పెట్టుకోండి. నవోదయ పరీక్ష ఐదో తరగతిలో ఒక్కసారే రాయగలరు, రెండు గంటల్లో 80 ప్రశ్నలు, సీట్లలో కనీసం 75 శాతం పల్లె పిల్లలకే. ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష, అర్హత వస్తే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు. ఇది ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకు మాత్రమే. కొత్త ఆలోచన ఏదైనా ఉన్న పిల్లను ఇన్‌స్పైర్ మానక్ పథకానికి బడే పంపాలి, ఎంపికైతే నమూనా చేయడానికి 10,000 రూపాయలు వస్తాయి. జులైలో మీరు ఒకసారి సారు ముందు కూర్చుని ఉంటే, ఈ అప్లికేషన్లు వచ్చినప్పుడు ఆయనకు మీ పిల్ల మొహమే ముందు గుర్తొస్తుంది.

"టెక్నో", "ఒలింపియాడ్" పేర్లున్న బడులకు పంపితే ఈ అడుగుడు తప్పుతుంది కదా అంటారు. ఆ పుస్తకాలు నేను తిరగేశాను. చాలావాటిలో పై తరగతి లెక్కలు కిందికి దించారంతే, బరువు పెరిగింది, ఆలోచన పెరగలేదు. డబ్బు పెట్టినా అక్కడ కూడా ఇదే మాట అడగాల్సి వస్తుంది.

పిల్ల విషయం ఒకటి మిగిలింది, నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా కష్టమైనది. మొదటి గట్టి లెక్క ఇంటికి వచ్చిన సాయంత్రం ఆమె ఏడుస్తుంది. ఇన్నాళ్లూ అన్నీ వచ్చాయి, ఇది రావట్లేదు. "నాకు రాదు, సారు తప్పిచ్చిండు" అంటుంది. అప్పుడు మీరు "నువ్వు తెలివిగలదానివి, నీకు వస్తుంది" అనకండి. 1998లో క్లాడియా ముల్లర్, కారల్ డ్వెక్ అచ్చువేసిన పరిశోధనలో ఐదో తరగతి పిల్లల్లో కొందరిని తెలివైనవాళ్లని మెచ్చుకున్నారు, కొందరిని బాగా కష్టపడ్డారని మెచ్చుకున్నారు. తర్వాత ఏ పని కావాలంటే, తెలివిని మెచ్చుకున్నవాళ్లు ఎక్కువమంది తేలికైనదే కోరుకున్నారు, ఆ పేరు పోతుందని. కష్టాన్ని మెచ్చుకున్నవాళ్లు కొత్తది నేర్చుకునే పనే కోరారు. కాబట్టి "ఎంతదాక చేసినవ్, నాకు చూపియ్యి" అనండి. అక్కడిదాకా వచ్చిన పనినే మెచ్చుకోండి. అన్నం పెట్టండి. లెక్క రేపటికి ఉంటుంది.

మన జిల్లా పిల్ల మాలావత్ పూర్ణను తలుచుకోండి. సిరికొండ మండలం పాకాలలో కూలి చేసుకునే తల్లిదండ్రుల ఇల్లు, తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కినప్పుడు ఆమె వయసు 13 ఏళ్ల 11 నెలలు. ఆ సంగతి అందరికీ తెలుసు. నాకు అందులో పట్టుకునేది ఇంకోటి. ఆమెకు గురుకులంలో మొదట ఇచ్చింది ఎవరెస్ట్ కాదు, భువనగిరి గుట్ట మీద బండ. అది వచ్చాక హిమాలయాల్లో శిక్షణ, ఆ తర్వాత మంచు. ప్రతిసారీ నిన్న ఎక్కినదానికన్నా ఒక్క మెట్టు పైన. అప్పుడు గురుకులాల కార్యదర్శిగా ఉన్న ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్, కోచ్ శేఖర్ బాబు ఆ మెట్లు పేర్చారు. ఎక్కింది ఆమె. నిజామాబాద్ పట్టణంలో నిఖత్ జరీన్ విషయంలో తండ్రి మహమ్మద్ జమీల్ అహ్మద్ ముందు నిలబడ్డాడు. ఆడపిల్లలు బాక్సింగ్ రింగు వైపు చూడని రోజుల్లో కూతురి వెంట ఉన్నాడు, 2022లో, 2023లో ఆమె ప్రపంచ ఛాంపియన్ అయింది. ఒక చోట బడే గట్టి పని ఇచ్చింది, ఇంకో చోట ఇంటివాళ్లు వెంట నిలిచారు. మీ ఊళ్లో బడి ఇచ్చేదాకా ఆగే టైము లేదు కాబట్టి మీరు అడుగుతున్నారు.

రెండు వారాలకు మళ్లీ సారు దగ్గరకు పోయేటప్పుడు నోట్‌బుక్‌లో సరైన టిక్కులున్న పేజీ తెరవకండి. కొట్టేసి, దిద్ది, మళ్లీ కొట్టేసి, పక్కన చిన్న బొమ్మ గీసుకొని, చివర జవాబు తప్పే వచ్చిన పేజీ తెరిచి ముందు పెట్టండి. "చూడుండ్రి సారూ, మూడు రోజులు కూసున్నది దీని మీద. ఇంకా వస్తలేదు. ఎక్కడ ఆగిందో జర చెప్పుండ్రి" అనండి. సారు కుర్చీ ముందుకు జరుపుకొని పెన్ను తీస్తాడు.